కొలకఱ్ఱయు విశ్వాసమును

ఆదివారమున ఆలయములో మోకరించిన మనుష్యుడును, సోమవారమున పనిచోట నిలువబడు మనుష్యుడును ఒక్కడేనా, ఇద్దఱా? ఈ ప్రశ్నను మన పాఠశాలలోని బాలబాలికలు ఇప్పటికి ఎఱుగకపోవచ్చును. కాని చదువు ముగించి ఒక కచేరీలోనో, కొట్టులోనో, ఆసుపత్రిలోనో కుదిరిన మొదటి మాసముననే ఇది వారి యెదుటికి వచ్చి నిలుచును. తలిదండ్రులకు ఇది క్రొత్త ప్రశ్న కాదు. “భక్తి వేఱు, బ్రదుకుతెఱువు వేఱు” అని మనవారిలో పలువురు తమకు తామే సమాధానము చెప్పుకొని ఊరకుందురు. ఆ సమాధానము సరియైనది కాదనియు, విశ్వాసమునకు పనిచోటే పరీక్షాస్థలమనియు, ఆ పరీక్ష కష్టకాలమున మిక్కిలి తీవ్రమగుననియు, మన సీమలో జరిగిన యొక వృత్తాంతమును ఆధారముగా గొని వివరించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మన తాడేపల్లి ప్రక్కనున్న సీతానగరము కొండకును, ఆవలి యొడ్డున నున్న బెజవాడ కొండకును నడుమ కృష్ణానదికి అడ్డముగా 1855వ సంవత్సరమున ఆనకట్ట పూర్తియయ్యెను. ఆ యానకట్టకు 1952లో గండి పడగా, 1957 నాటికి ప్రకాశము బ్యారేజి నిర్మింపబడెను. ఈ యొడ్డున బయలుదేరు పడమటి కాలువను మీరందఱు చూచినవారే. దాని వెంబడి దక్షిణముగా పోయినచో దుగ్గిరాల వచ్చును. అచ్చట చీలిన కొమ్మమూరు కాలువ పెదగంజాము వఱకు సాగును. పెదగంజామునొద్ద బకింగుహాము కాలువ మొదలై, సముద్రతీరము వెంబడి చెన్నపట్టణము చేరి, దానిని దాటియు పోవును. ఒకప్పుడు ఈ జలమార్గమున ఉప్పు, ధాన్యము మొదలగు సరకులతో పడవలు ఎడతెగక నడచుచుండెను. మనయింటి ముందటి నీటికిని, ఆ దూరపు కాలువకును సంబంధము కలదు. ఆ బకింగుహాము కాలువలో ఒంగోలు ప్రాంతమునందలి సుమారు మూడున్నర మైళ్ల భాగమును త్రవ్వినవారి కథయే మనకు కావలసినది. అయితే ఆ గునపములు నేలకు తాకుటకు పూర్వము ఆ మనుష్యులెవరో తెలిసికొనవలెను.

1866వ సంవత్సరము సెప్టెంబరు మాసమున జాన్ ఎవరెట్ క్లౌ అను అమెరికా బాప్టిస్టు మిషనెరీ ఒంగోలున కాపురముండుటకు వచ్చెను. 1867 జనవరి 1వ తేదీన అచ్చట సంఘము స్థాపింపబడినప్పుడు సభ్యులు ఎనమండ్రు మాత్రమే. ఆ సంఘము పెరుగుటకు కారకుడైన మనుష్యుడు ఆయన రాకకు ముందే తన యంతట తాను సత్యమును వెదకుచు తిరుగుచుండెను. అతడు తాళ్లకొండపాడు గ్రామవాసి యగు ఎర్రగుంట్ల పెరయ్య. కులమున మాదిగ, తోళ్ల వర్తకము చేయువాడు. కొంతకాలము యోగమార్గమున సాధన చేసినవాడు. తోళ్లు కొనుటకై ఉత్తరమున ఏలూరు వైపు పోయినప్పుడు అతడు మొదట సువార్త వినెను. వర్తకము నిమిత్తము పోయి, వర్తకమునకు మించిన దానిని సంపాదించుకొని తిరిగి వచ్చెను. 1866 మార్చిలో అతడును అతని భార్య నాగమ్మయు బాప్తిస్మము పొందిరి. పిమ్మట పెరయ్య తన జాతివారి పల్లెలలో తన పని చేసికొనుచునే తాను విన్నది చెప్పెను. 1867 జనవరిలో క్లౌగారు తాళ్లకొండపాడునకు పోయినప్పుడు 28 మంది బాప్తిస్మమునకు సిద్ధముగా నుండిరి. కాబట్టి ఆ ప్రాంతమునందలి యుద్యమము ప్రసంగపీఠమునుండి గాక, తోలుమూటను భుజమున వేసికొని నడచిన యొక పనివానినుండి ప్రారంభమయ్యెను. డేరాలు కుట్టుచు సువార్త చెప్పిన పౌలు అపొస్తలునకు అతడు తోడి పనివాడని తలపవచ్చును.

ఆ కాలమున పల్లెయందలి మాదిగల పని యెట్టిదో నేటి పిల్లలు తెలిసికొనుట మంచిది. చెప్పులు కుట్టుట, మోటకు తోలుతిత్తులు చేసి బాగుపఱచుట, ఎడ్లకు పట్టెడలు కుట్టుట, కోతలలో పనిచేయుట, జాతరలకును పెండ్లిండ్లకును చావులకును డప్పు వాయించుట, కచేరీ పనులమీద వెట్టికి పోవుట వారి వంతు. దీనికి ప్రతిఫలముగా కళ్లములో కొంత ధాన్యము మేరగా దొరకును. చచ్చిన పశువు తోలును మాంసమును వారివే. ఈ యేర్పాటులో ఎవరి పని ఎప్పుడు ముగియునో, ఎవరికి ఎంత రావలెనో చెప్పువాడు ఊరి పెద్దయే. క్రొత్తగా విశ్వాసులైన వారియెదుట క్లౌగారు మూడు నియమములుంచెను: ఆదివారమున పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహారాధనలో పాల్గొనరాదు.

ఈ మూడును మొదట చూపునకు మతనియమములు. కాని వాటి దెబ్బ తగిలినది పనిమీదనే. ఆదివారము పనికి రాననుట, దేవత కొలువునకు డప్పు వాయింపననుట, ఆ నాటి గ్రామములో ఎవరును వినియుండని మాటలు. కరణము, మునసబు, మోతుబరి రైతులు కోపించిరి. పెక్కుచోట్ల విశ్వాసులను నీటి తావులకు రానీయలేదు; చాకలిని కుమ్మరిని వారి పనికి పోవలదనిరి; లేనిపోని నేరములు మోపి బాధించిరి. వారిలో తొంటి స్థితికి తిరిగి పోయినవారును కలరు. నిలిచినవారు విశ్వాసమునకు వెల యున్నదనియు, ఆ వెల ధాన్యములోను నీటిలోను చెల్లింపవలెననియు తొలుతనే తెలిసికొనిరి.

ఇట్లు పది సంవత్సరములు గడచెను. 1876లో వానలు పూర్తిగా తప్పిపోయెను. అది ధాతనామ సంవత్సరము గనుక మన పెద్దలు దీనిని ధాతకరవనిరి. ఆ కరవు 1878 వఱకు చెన్నరాజధానిని పీడించి లక్షలాది ప్రాణములను బలిగొనెను. దొరతనమువారు కరవుపనులు పెట్టిరి. కాని 1877 ఆరంభమున సర్ రిచర్డు టెంపుల్ నిర్ణయించిన కూలి, పెద్ద మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయు మాత్రమే. ఒక పౌను అనగా ఇప్పటి కొలతలో సుమారు 450 గ్రాములు. దినమంతయు మన్ను త్రవ్విన దేహమునకు ఇది చాలదని చెన్నరాజధాని ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిషు గట్టిగా వాదించెను. ఆ వాదము ఫలితముగా పిమ్మట కూలి కొంత హెచ్చింపబడెను. ఇచ్చట ఒక విషయము గమనింపుడు. డాక్టరు కార్నిషు చేసినది తన యుద్యోగ ధర్మమే. పైయధికారి మాటకు లెక్కలతో ఎదురు నిలుచుట. పనిచోట చేయదగిన మేలులలో ఇది యొక ముఖ్యమైన మేలు.

ఒంగోలు సీమలో ఆకలికి తాళలేక జనులు ఇండ్లు విడిచి త్రోవలు పట్టిరి. ఆ సమయమున బకింగుహాము కాలువను పొడిగించు పని తీరము వెంబడి సాగుచుండెను. క్లౌగారు యౌవనమున అమెరికాలో భూములు కొలుచు సర్వేయర్ల వెంట పనిచేసి ఆ విద్య నేర్చినవాడు. మిషనెరీకి ఆ విద్య దేనికని ఎవరైన అడిగియుండవచ్చును. ఇప్పుడది అక్కఱకు వచ్చెను. ఆయన దొరతనము వారియొద్ద కాలువలో సుమారు మూడున్నర మైళ్ల పనిని గుత్తకు పుచ్చుకొనెను. ధర్మముగా గంజి పోయుట యొక విధమైన సహాయము. పని కల్పించి, చేసిన పనికి సరియైన కూలి ముట్టజెప్పుట మఱియొక విధము. రెండవ దానిలో పుచ్చుకొనువాడు బిచ్చగాడు కాడు. తలయెత్తుకొని ఇంటికి పోగలడు.

ఇట్టి పనులలో అన్యాయమునకు తావెక్కడనో తెలిసిననే ఈ కథలోని సారము బోధపడును. మట్టిపనిలో కూలి దినములనుబట్టి గాక, త్రవ్విన మట్టినిబట్టి లెక్కింపబడుట వాడుక. పొడవు, వెడల్పు, లోతు కొలిచి ఘనగజములు కట్టుదురు. గోతి నడుమ ఒక చిన్న మట్టిదిమ్మెను త్రవ్వక విడిచిపెట్టి, దాని యెత్తునుబట్టి లోతు తెలిసికొందురు. త్రవ్వినవానికి లెక్క రాదు; అతడు గంప మోసి మోసి నడుము విఱుగగా గట్టుమీద కూలబడియుండును. కొలకఱ్ఱ మేస్త్రీ చేతిలో నుండును. ఆ కఱ్ఱను జానెడు ప్రక్కకు వంచి పట్టినను, గజములో నాలుగంగుళములు మఱచినను, పేరు చిట్టాలో ఒక దినము ఆలస్యముగా ఎక్కించినను, ఎవ్వడును అడుగలేడు. మామూలు ఇచ్చినవానికి మెత్తని నేల, ఈయనివానికి రాతినేల చూపవచ్చును. మంచికాలములో ఇది దొంగతనము. కరవుకాలములో ఇది ప్రాణహత్య. ఏలయన తగ్గిన ఆ నాలుగంగుళములలో ఒక పసిబిడ్డ సాయంకాలపు గంజి యున్నది.

ఆ కొలకఱ్ఱను క్లౌగారు తన బోధకుల చేతికిచ్చెను. సుమారు ముప్పదిమంది బోధకులు కాలువమీద మేస్త్రీలైరి. వారిలో పెక్కండ్రు నిన్నటివఱకు వెట్టిచేసినవారి బిడ్డలే. వేలకొలది జనులు, వేఱువేఱు పల్లెలనుండియు కులములనుండియు వచ్చి వారిక్రింద పనిచేసిరి. కొందఱు కొంత బలము కూడదీసికొని పోగా, వారి తావునకు మఱికొందఱు వచ్చుచుండిరి. శిబిరములో వాంతిభేదులు వ్యాపించి కలవరము పుట్టినప్పుడును బోధకులు జనులను విడిచి పోలేదు. పని ఆగిన వేళల త్రవ్వకపువాండ్రు గుంపులుగా కూర్చుండగా, మేస్త్రీయే బోధకుడై వారి ప్రక్కన కూర్చుండి మాటలాడుచుండెను. మత్తయి సువార్త పదునొకండవ అధ్యాయములో అలసినవారిని ప్రభువు తనయొద్దకు పిలిచిన పిలుపును వారు మిక్కిలి యిష్టముగా వినిరట. అందులో ఆశ్చర్యమేమి? బరువు మోయుట యనునది వారికి ఉపమానము కాదు. గంప ఇంకను తలమీదనే యుండెను. ఆ మాటలు చెప్పుచున్న నోటికిని, ఉదయమున తమ గోతిని కొలిచిన చేతికిని భేదమున్నదో లేదో వారు చూచుచునే యుండిరి. చేయి వంకరయైనచో నోటిమాటను ఎవరు నమ్ముదురు?

ఇక ఈ కథలోని రెండవ ముఖ్యాంశము. విన్నవారిలో అనేకులు బాప్తిస్మమియ్యుమని అడుగసాగిరి. మఱియొకడైనచో సంతోషముతో లెక్క పెంచుకొనియుండును. క్లౌగారు ఒప్పుకొనలేదు. కూలి ఇచ్చు చేయియే బాప్తిస్మమిచ్చినచో, కూడు కొఱకు వచ్చినవారెవరో, ప్రభువు కొఱకు వచ్చినవారెవరో తెలియదు. అంతేకాదు, ఆకలిగొన్నవానికి కాదనుటకు స్వేచ్ఛ యుండదు. కావున 1877 మార్చి మొదలు 1878 జూను వఱకు, పదునైదు మాసములు, ఆయన ఒక్కరికిని బాప్తిస్మమియ్యలేదు. కాలువపని ముగిసిన తరువాత కరవు సహాయనిధులనుండి పంచిపెట్టుట జరిగినంత కాలమును ఆ తలుపు మూసియే యుంచెను. కట్టకడకు సహాయద్రవ్యమును ముగిసెను. ఇకమీదట ఇచ్చునది ఏమియు లేదని జనులకు తెలియజేసిరి. అప్పుడు వారు చెదరిపోవుదురని తలపబడెను. అట్లు జరుగలేదు. ఇచ్చుటకేమియు మిగులని ఆ దినములలోనే వారు గుంపులుగా వచ్చిరి.

ఒంగోలునకు ఉత్తరమున సుమారు పది మైళ్ల దూరమున, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద వారు కూడిరి. పల్లె పల్లెకును చెందిన బోధకులు తమవారిని ముందుగా విచారించి పేళ్లు వ్రాసిరి. 1878 జూలై 2వ తేదీన 614 మందియు, 3వ తేదీన 2,222 మందియు, 4వ తేదీన 700 మందియు, మొత్తము 3,536 మంది మూడు దినములలో నదిలో బాప్తిస్మము పొందిరి. జూలై 3వ తేదీన ఆ పని ఉదయమున మొదలై, మధ్యాహ్నమున నిలిచి, సాయంకాలమువఱకు సుమారు తొమ్మిది గంటలు సాగెను. ఆఱుగురు దేశీయ పాదిరులు ఇద్దఱిద్దఱుగా వంతులు వేసికొని ఆ కార్యము జరిపిరి. క్లౌగారు తన చేతులతో ఎవ్వరికిని బాప్తిస్మమియ్యక, గట్టున నుండి క్రమమును మాత్రము చూచుకొనెను. ఆ సంవత్సరాంతము వఱకు చేరినవారు 9,606 మంది.

“వీరు కూటికొఱకు కలిసినవారు” అను మాట ఆనాడును వినబడెను, ఈనాడును వినబడుచున్నది. మన క్రైస్తవ బాలుడు తన పనిచోట ఈ మాటను ఎప్పుడో యొకప్పుడు వినక తప్పదు. దీనికి కోపముతో గాక సత్యముతో సమాధానము చెప్పవలెను. మనుష్యహృదయములో కోరికలు ఒక్కటే పోగుగా ఉండవు. గౌరవము కావలెనను కోరిక, బిడ్డలకు చదువు కావలెనను కోరిక, వెట్టినుండి విడుదల కావలెనను కోరిక ఆ జనుల హృదయములలో లేవని ఎవరు చెప్పగలరు? అవి యుండుట పాపమును కాదు. అయినను ఒక సంగతి నిజము. ఇచ్చువాడు ఇచ్చుచున్నంత కాలము తలుపు మూసెను. పుచ్చుకొనువారు పుచ్చుకొనుటకేమియు లేనప్పుడు వచ్చిరి. ఉభయులును తమ గౌరవమును కాపాడుకొనిరి. ఈ పదునైదు మాసముల యోరిమియే నాకు ఆ మూడు దినముల సంఖ్యలకంటె గొప్పదిగా తోచుచున్నది.

పనియే సాక్ష్యమగుట కాలువగట్టునందు మాత్రమే జరిగినది కాదు. గుంటూరులో కుగ్లరు ఆసుపత్రిని ఎఱుగనివారు మనలో లేరు. డాక్టరు అన్నా సారా కుగ్లరు అమెరికానుండి 1883లో గుంటూరునకు వచ్చినప్పుడు, వైద్యురాలైనను, ఆమెను పంపినవారు ఆమెకు నిర్ణయించిన పని వైద్యము కాదు; ఘోషా స్త్రీలకును బాలికలకును బోధించుట. ఆమె అప్పగించిన పనిని విడువక, తన వద్దకు వచ్చిన రోగులనుకూడ త్రిప్పి పంపక, రెండును చేయుచు ఓపికపట్టెను. 1885లో ఆమె వైద్యసేవకు నియమింపబడెను. ఆసుపత్రి 1898లో తెఱవబడెను. అంటరానిదని మొదట ఆమె చేతిమందు ముట్టనివారి యిండ్లనుండియే పిమ్మట పిలుపులు వచ్చెను. ఏలూరు జమీందారు రాజా భుజంగరావుగారు తమ కుటుంబమునకు కలిగిన మేలునకు కృతజ్ఞతగా రోగుల బంధువులు దిగుటకు ఒక సత్రము కట్టించి ఇచ్చిరి. 1930లో ఆమె గుంటూరులోనే మరణించెను. తన విద్యను పంపినవారే గుర్తింపని మొదటి సంవత్సరములలో ఆమె చూపిన యోరిమి, ఉద్యోగములో తమకు తగిన తావు దొరకలేదని కుందువారికి ఒక పాఠము.

ఇంతవఱకు పెద్దల కథలు చెప్పితిని. వారి పేళ్ల చాటున నేను దాగుట న్యాయము కాదు గనుక నా కథయు కొంచెము చెప్పవలెను. ఇది గొప్ప కథ కాదు. చదువు ముగిసిన పిదప నేనొక మిరపకాయల కొట్టులో గుమాస్తాగా కుదిరితిని. మా తల్లి మంచము పట్టియుండెను. మందులకు నా జీతమే ఆధారము. రైతు తెచ్చిన బస్తాలు కాటామీద తూగునప్పుడు తూకము చిట్టాలో వ్రాయుట, తరుగు తీసి పట్టీ కట్టుట నా పని. తరుగు ఉండవలసిన దానికంటె బస్తాకు రెండు కిలోలు హెచ్చుగా వ్రాయుమని యజమాని చెప్పెను. నేను వ్రాసితిని. ఒక దినము కాదు, నాలుగు మాసములు వ్రాసితిని. ఆదివారమున పాటల పుస్తకము పట్టుకొన్న చేతితోనే వ్రాసితిని.

ఒకనాడు ముప్పది బస్తాలు తెచ్చిన యొక ముసలిరైతు పట్టీని చేతబట్టుకొని, చదువ రాక, నా మొగము చూచి, “బాబూ, నీవు మిషనుబడిలో చదివితివట. లెక్క సరిగానే యున్నదా?” అని యడిగెను. “ఉన్నది, తాతా” అంటిని. ఆయన నమ్మి నమస్కరించి పోయెను. ముప్పది బస్తాలకు అఱువది కిలోలు. అనగా నలువది కిలోల లెక్కన ఒకటిన్నర బస్తా కాయను ఆయన నా నోటిమాట మీద పోగొట్టుకొని పోయెను. ఆ రాత్రి ప్రార్థనకు మోకరించితిని గాని మాట రాలేదు. మఱునాడు యజమానితో, “ఇకమీదట తూగినదే వ్రాయుదునండి” అంటిని. ఆయన కోపపడలేదు. “అబ్బాయీ, వ్రాయువాండ్రు చాలమంది యున్నారు” అని మాత్రమనెను. ఏడు మాసములు పనిలేక తిరిగితిని. ఇంటిలోని ఇత్తడిపాత్రలు తాకట్టుకు పోయెను. పిమ్మట తక్కువ జీతమునకు మఱియొక పని దొరకెను. మా తల్లి ఆ సంవత్సరము దాటి బ్రదుకలేదు. ఆ రైతు ఊరు పేరు పట్టీలో వ్రాసినది నేనే. అయినను నాకు గుర్తులేదు. అందువలన నేను అచ్చియున్న అప్పు ఇప్పటికిని తీరలేదు.

దీనినుండియు, కాలువకథనుండియు నేను గ్రహించిన సంగతులను క్రమముగా చెప్పెదను. మొదటిది: పనిచోట విశ్వాసమనగా గోడకు వాక్యపుపటము తగిలించుట కాదు, పదిమందిలో మతప్రసంగము చేయుట యంతకంటెను కాదు. ఎదుటివాడు పరీక్షింపలేని చోట మనము ఏమి చేయుదుమో అదియే విశ్వాసము. మేస్త్రీకి కొలకఱ్ఱ, గుమాస్తాకు చిట్టా, ఉపాధ్యాయునకు మార్కుల పట్టిక, కంపౌండరుకు మందుసీసా, కచేరీ యుద్యోగికి కాగితపు కట్ట, ప్రతివానికిని ఏదో యొక కొలకఱ్ఱ చేతిలో నుండును. దొంగత్రాసును గూర్చి సామెతల గ్రంథము చెప్పిన హెచ్చరిక ఆలయములోని వారికి గాక అంగడిలోని వారికే గదా చెప్పబడినది.

రెండవది: అధికారముగల క్రైస్తవుడు తన చేతిక్రింది వాని యవసరమును తన మతమునకు వలగా చేయరాదు. కూలి పనికి చెల్లించునది. ప్రార్థనకు చెల్లించునది కాదు. మన మతస్థుడని ఒకనికి మెత్తని నేలయు, కాడని మఱియొకనికి రాతినేలయు చూపువాడు కొలకఱ్ఱను వంచినవాడే. ఆ పదునైదు మాసముల మూసిన తలుపును మన సంస్థలలో పనిచేయు పెద్దలు తఱచు జ్ఞాపకము చేసికొనవలెను.

మూడవది: న్యాయముగా నడచినవానికి వెంటనే మేలు కలుగునని పిల్లలకు చెప్పకుడు. అది ఎల్లప్పుడు నిజము కాదు. నిజము కాదని తెలిసిన దినమున వారు మిగిలిన మాటలనుకూడ నమ్మరు. వెల యున్నదనియే చెప్పుడు. ఆ వెల అందఱికి సమానముగను ఉండదు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు ననుసరించి క్రైస్తవమతము స్వీకరించిన దళితునకు షెడ్యూల్డు కులపు హోదా యుండదు. అందువలన దరఖాస్తు కాగితముపై మతము పేరు వ్రాయవలసిన గడి యొద్ద మన పిల్లలలో పలువురి కలము నేటికిని ఆగుచున్నది. ఆ గడి సులభమైనదని, కష్టమెఱుగని వారెవరును తీర్పు చెప్పరాదు.

నాల్గవది, మిక్కిలి ముఖ్యమైనది: ఒంటరిగా నిలువుమని ఒక యువకుని హెచ్చరించి మనము ఇంటికి పోవుట ధర్మము కాదు. ఒంగోలులో ఆకలిగొన్నవారికి ఓర్పును గూర్చి ప్రసంగించి ఊరకుండలేదు. మూడున్నర మైళ్ల కాలువ గుత్తకు తీసికొనిరి. నీటితావులు మూయబడినప్పుడు ఒక పల్లెవారు మఱియొక పల్లెవారికి తోడు కావలసి వచ్చెను. అట్లే మన సంఘములలో న్యాయము కొఱకు పని పోగొట్టుకొన్నవాని యింటిలో ఆ మాసము పొయ్యి వెలుగుచున్నదా అని విచారించువారుండవలెను. నాకు ఆ ఏడు మాసములలో అట్టివారు ఇద్దఱే దొరకిరి. ఒకరు గంపెడు బియ్యము తెచ్చిరి; ఒకరు మా తల్లి మంచము ప్రక్కన రాత్రులు కూర్చుండిరి. వారు నాకు ఏ వాక్యమును చదివి వినిపింపలేదు. వారు లేనియెడల నేను ఎనిమిదవ మాసమున ఆ కొట్టునకే తిరిగిపోయి, క్షమాపణ చెప్పుకొని, రెండు కిలోలు హెచ్చు వ్రాసియుందును.

విద్యార్థులారా, రేపో మాపో మీ చేతికి ఒక కొలకఱ్ఱ వచ్చును. మీ యెదుట లెక్క తెలియని యొకడు అలసి కూర్చుండి మీ మొగము చూచుచుండును. సాయంకాలము మన కాలువగట్టున నడచునప్పుడు ఆ నీటిని చూచి, దాని వెంబడి దక్షిణమున ఒకనాడు గంపలు మోసినవారిని తలంచుకొనుడు. వారికి కొలతను సరిగా పట్టిన చేతులను తలంచుకొనుడు. ఆ చేతులు నేర్చుకొన్న దానిని మీకును నేర్పుమని దేవుని వేడుకొనుడు. తలిదండ్రులారా, మీ బిడ్డడు ఒకనాడు పని పోగొట్టుకొని ఇంటికి వచ్చినచో, “ఎంత నష్టము!” అనుటకు ముందు “ఏల?” అని యడుగుడు.